ఈ సాక్షికి ప్రశ్నలు లేవు

మెట్ల కింది వాటా,
ఫిబ్రవరి 9

అక్కా,

ఈ ఉత్తరం నీ మరదలి చేతికిచ్చి పంపుతున్నాను. చదివాక చింపేయి. బెయిలిచ్చేటప్పుడు జడ్జిగారు పెట్టిన షరతుల్లో మూడోది, సాక్షులెవరినీ కలవకూడదు, ఫోన్లో మాట్లాడకూడదు అని. సాక్షుల జాబితాలో నాలుగో పేరు నీది. తోడబుట్టినదాన్ని పలకరిస్తే నేరమట. ఉత్తరం రాయకూడదని మాత్రం అందులో లేదు. మా లాయరుగారిని అడిగితే "లేనంత మాత్రాన రాయమని కాదయ్యా" అన్నారు. నాకు వినపడనట్టే ఊరుకున్నాను.

బావ పోయి నాలుగు నెలలు. శవాన్ని ఇంటికి తెచ్చిన రోజు కూడా నన్ను పోలీస్ స్టేషన్ బెంచీ మీదే కూర్చోబెట్టారు. నేను సర్వీసు చేసే లిఫ్టు, నేను గ్రీజు పెట్టిన తాళ్ళు, అందులో మా బావ. బావ పనిచేసే బట్టల ఫ్యాక్టరీ ఉన్న నాలుగో అంతస్తు నుంచి కింది గుంటలోకి జారింది. నిర్లక్ష్యంతో మనిషి చావుకి కారణమయ్యానని నా మీద కేసు.

రుజువు చేయాల్సిన బరువు ప్రభుత్వం వాళ్ళ నెత్తినే ఉంటుందట. నా పని నోరు మూసుకుని కూర్చోవడమేనట. "ముద్దాయి నోరు తెరిస్తే ఆ నోటితోనే పోతాడు" అంటారు లాయరుగారు. పుట్టి బుద్ధెరిగాక నేను నోరు మూసుకున్న పాపాన పోలేదని ఆయనకేం తెలుసు.

ఒక్కటి అడుగుతాను. ఆ ఆదివారం మీ ఇంట్లో భోజనాల దగ్గర నేనన్న మాట గుర్తుందా? బ్రేకు లైనింగు అరిగిపోయింది, మా లిఫ్టు కంపెనీ సూపర్‌వైజరుకి కాగితం రాసిచ్చాను, లిఫ్టు ఆపేయమన్నాను, బుధవారం ఫ్యాక్టరీ సరుకు వెళ్ళిపోయే దాకా ఆపేది లేదన్నాడు, ఈ రెండ్రోజులూ మెట్లెక్కి వెళ్ళు బావా అన్నాను. మంగళవారమే అయిపోయింది. ఇప్పుడా సూపర్‌వైజరు నాకే కాగితమూ అందలేదంటున్నాడు. సర్వీసు పుస్తకంలో ఆ పేజీయే లేదు. నా మాట విన్నవాళ్ళు ఇద్దరే, నువ్వూ బావా. ఇప్పుడు నువ్వొక్కదానివే.

నీ తమ్ముడు

*

కుట్టుమిషను గది,
ఫిబ్రవరి 21

చిన్నోడా,

ఉత్తరం చింపలేదు. మిషను సొరుగులో బాబిన్ల కింద పెట్టాను. నువ్వు చింపమన్నావని చింపడానికి నేను నీ అసిస్టెంటుని కాను.

గుర్తుందా అని అడుగుతున్నావు. ఆ రోజు నువ్వు కూర గిన్నె మీద మోచెయ్యి పెట్టి చొక్కా పాడుచేసుకున్నది కూడా గుర్తుంది. మర్చిపోదామన్నా నావల్ల కావడం లేదు, ఇదొక జబ్బు.

మొన్న ప్రభుత్వ లాయరు నన్ను పిలిపించాడు. చిన్న వయసే, ఫైళ్ళు మాత్రం ముసలివి. "అడిగినదానికే జవాబు చెప్పాలమ్మా. అవును, కాదు, తెలీదు. కథలొద్దు" అన్నాడు. సూపర్‌వైజరుకి రాసిచ్చిన సంగతి చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "అది నేనడగను. వాళ్ళ లాయరు అడుగుతాడు. ఇక్కడ పద్ధతే అది. మా సగం మేం చెప్పిస్తాం, వాళ్ళ సగం వాళ్ళు చెప్పిస్తారు. జడ్జిగారు రెండూ కలిపి చూస్తారు" అన్నాడు. సరే, చొక్కా ముందు భాగం ఒకరు, వెనక భాగం ఒకరు కత్తిరిస్తే ఎలా అతుకుతుందో చూద్దామనుకున్నాను.

లిఫ్టు కంపెనీ మీద నష్టపరిహారం కేసు కూడా వేయించాను. అది సివిలు కోర్టులో, వేరే లాయరు. క్రిమినల్లో అనుమానం పిసరంత మిగిలినా ముద్దాయిని వదిలేస్తారట. సివిల్లో అలా కాదట, ఎవరి తక్కెడ ఒక్క గింజ బరువెక్కువ తూగితే వాళ్ళదే గెలుపు. నువ్వు ఆ కంపెనీ మనిషివి కాబట్టి నీ తప్పు రుజువైతే కంపెనీ నాకు కట్టాలట. అంటే నువ్వు మునిగితే నేను తేలుతాను. లాయరు ఇది చెప్పేటప్పుడు నవ్వాడు కూడా. నేను నవ్వలేదు.

అమ్మాయి బడికెళ్తోంది. నీ గురించి అడగడం లేదు. అడగకపోవడమే బాగాలేదు.

అక్క

*

కుట్టుమిషను గది,
జూన్ 13

చిన్నోడా,

నిన్న కోర్టులో ఏం జరిగిందో నాకర్థం కాలేదు. అర్థమయ్యేలా రాయి.

పొద్దున పదింటికి వెళ్ళి మధ్యాహ్నం మూడింటి దాకా వరండాలో నిలబడ్డాను. బోనెక్కి, ఉన్నదంతా చెబుతాను, నిజం తప్ప వేరే చెప్పను అని ప్రమాణం చేశాను. ఆ తర్వాత ఉన్నదంతా చెప్పనిస్తేగా.

"మీ తమ్ముడు ఆదివారం మీ ఇంటికొచ్చాడా?" వచ్చాడు. "బ్రేకు పాడైందని అతనికి తెలుసా?" తెలుసు. "మీకెలా తెలుసు?" తనే చెప్పాడు. "తెలిసీ లిఫ్టు ఆపాడా?" ఆపలేదు.

"ఆపలేదు గానీ..." అన్నాను. జడ్జిగారు చెయ్యెత్తారు. "అడిగినదానికే చెప్పండమ్మా. మిగతాది వాళ్ళడుగుతారు." టైపు చేసే అమ్మాయి "ఆపలేదు" దగ్గర చుక్క పెట్టేసింది. నేను చూశాను.

సరే అని నీ లాయరు వైపు తిరిగాను. ఇప్పుడడుగుతాడు, చెబుదాం అని. మాటలన్నీ వరసగా పెట్టుకుని ఉన్నాను. సూపర్‌వైజరు, కాగితం, బుధవారం సరుకు, మెట్లు. ఆయన నీ దగ్గరికొచ్చి వంగాడు. నువ్వు ఏదో చెప్పావు. ఆయన మళ్ళీ ఏదో అన్నాడు. నువ్వు తల అడ్డంగా ఊపావు. ఆయన లేచి "ఈ సాక్షికి ప్రశ్నలు లేవు" అని కూర్చున్నాడు.

నేను బోను దిగలేదురా. ఇంకా అడుగుతారేమోనని నిలబడే ఉన్నాను. గుమాస్తా వచ్చి "దిగమ్మా, అయిపోయింది" అని రెండుసార్లు చెప్పాడు.

ఏం చెప్పావు ఆయనకి?

అక్క

*

మెట్ల కింది వాటా,
జూన్ 17

అక్కా,

అడగొద్దన్నాను. అంతే.

నువ్వు బోనెక్కేటప్పుడు కమ్మీ పట్టుకున్నావు. ఆ వేళ్ళు వణకడం నాకు కనిపించింది. లాయరుగారు రాసుకున్న ప్రశ్నలు అంతకుముందే చూశాను. రెండు పేజీలు. మీ ఆయనకి మోకాలి నొప్పుండేదా, మెట్లెక్కమంటే ఎందుకెక్కలేదు, కంపెనీ మీద మీకూ కేసుంది కదా, తమ్ముడికి శిక్షపడితే మీకే లాభం కదా. ఇలా. ఆయన తప్పేం లేదు, ఆయన వృత్తి అది. ఎదుటి సాక్షిని పిండి, తనకి కావలసింది రాబట్టాలి. నీ మంచి మాట బయటికి రావాలంటే ముందు నిన్ను నలుగురిలో ఏడిపించాలి. నిన్ను ఏడిపించి నేను బయటపడాలా? బావని పోగొట్టుకున్నది చాలదా?

"ఆమె ఒక్కతే విన్న మనిషయ్యా, ఆమెని వదిలేస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే" అని చెవిలో గట్టిగానే చెప్పారు. నేను వినలేదు. బయటికొచ్చాక తెల్లకాగితం తీసి, "నా ఇష్టం మీదే ఆ సాక్షిని ప్రశ్నించలేదు" అని నా చేత రాయించుకుని సంతకం తీసుకున్నారు. ఆయన ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం.

ఫరవాలేదు. ఇంకా సాక్షులున్నారు. దిగులు పెట్టుకోకు.

నీ తమ్ముడు

*

జైలు, రెండో బ్యారక్
(పరిశీలించబడినది)
ఆగస్టు 30

అక్కా,

పైన ముద్ర చూశావుగా. ఇక్కడ మన ఉత్తరాలు మనకంటే ముందు వేరేవాళ్ళు చదువుతారు. అందుకని క్షేమమే అని రాస్తున్నాను.

తీర్పు కాపీ నీ మరదలు తెచ్చింది. పదిహేడు పేజీలు. నీ గురించి పన్నెండో పేజీలో ఉంది. "నాలుగో సాక్షి ముద్దాయికి స్వయానా అక్క. అబద్ధం చెప్పవలసిన అవసరం ఆమెకి లేదు. ముద్దాయి తరఫు న్యాయవాది ఆమెను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఎదిరించి అడగని మాట ఒప్పుకున్న మాటే." దాని మీదే రెండేళ్ళు వేశారు. మిగతా సాక్షులని మా లాయరుగారు చీల్చి చెండాడారు, వాళ్ళ మాటేదీ నిలబడలేదు. నిలబడింది నీ మాటొక్కటే. ఆయన ఇంకా నా మీద కోపంగానే ఉన్నారు. నేనంటే కాదు, ఓడిపోయినందుకు.

ఇక్కడ నీళ్ళ మోటారు బాగుచేసే పని ఇచ్చారు. మేడలు లేవు, లిఫ్టులూ లేవు. ఆ ఒక్క సుఖం ఉంది.

నువ్వు రాయడం మానకు. నా మీద కోపంతోనైనా రాయి.

నీ తమ్ముడు

*

కుట్టుమిషను గది,
డిసెంబరు 18

చిన్నోడా,

నాలుగు నెలలు రాయలేదు. రాయడానికి కూర్చుంటే తిట్లే వచ్చేవి. తిట్లు కూడా ముద్ర వేయించుకుని నీకు చేరాలా అని మానేశాను.

సివిలు కేసులో నా సాక్ష్యం అయింది, తీర్పూ వచ్చింది. నా లాయరు ముందే చెప్పాడు. "మీ తమ్ముడిది తప్పని తీర్పు మన చేతిలో ఉంది. మీరు నోరు మెదపకపోతే చాలు, కంపెనీ మొత్తం కట్టాల్సిందే." నేను మెదిపాను. ఈసారి జవాబుకి చుక్క పెట్టనివ్వలేదు. ఆదివారం నువ్వన్నదంతా, పొల్లుపోకుండా చెప్పేశాను. నా లాయరు తల పట్టుకున్నాడు.

తర్వాత కంపెనీ లాయరు లేచాడు. ప్రతి ప్రశ్నకీ ముందు దగ్గుతాడు. "క్రిమినల్ కోర్టులో ఇదే విషయం మీద సాక్ష్యం చెప్పారు కదమ్మా?" చెప్పాను. "సూపర్‌వైజరుకి కాగితమిచ్చిన మాట అందులో ఉందా?" లేదు. "ఎందుకు లేదు?" ఎవరూ అడగలేదు. దగ్గాడు. "ఎవరూ అడగలేదు. అంత ముఖ్యమైన మాట, తమ్ముడు జైలుకి పోతుంటే, అడగలేదని ఊరుకున్నారు. అతనికి శిక్షపడ్డాక గుర్తొచ్చింది. అంతేనా?" అంతే కాదండీ అన్నాను. "అవునో కాదో చెప్పండి" అన్నాడు. దీనికి అవును అనలేను, కాదు అనలేను. కక్కలేక మింగలేక అలాగే నిలబడ్డాను. "సాక్షి మౌనంగా ఉన్నట్టు రాసుకోండి" అన్నాడు.

తీర్పు విను. సూపర్‌వైజరుకి రాసిచ్చావన్న మాట నేను తర్వాత కల్పించిందట. "తమ్ముణ్ణి కాపాడుకోవాలన్న సహజమైన ప్రేమతో" అని రాశారు. అది నమ్మలేదు. కానీ బావని మెట్లెక్కమన్నావన్న మాట మాత్రం నిజమేనట. ఎందుకంటే తన మొగుడికే నష్టం తెచ్చే మాట ఏ ఆడదీ అబద్ధం చెప్పదట. కాబట్టి ప్రమాదమని తెలిసీ ఎక్కాడు గనక సగం తప్పు పోయినవాడిదే. పరిహారం సగానికి కోసేశారు.

ఒకే నోట, ఒకే గుక్కలో వచ్చిన మాట. మధ్యలో కత్తిరించి కంపెనీకి పనికొచ్చే ముక్క ఉంచుకుని, నాకు పనికొచ్చేది అవతల పారేశారు. ఇరవై ఏళ్ళు కటింగ్ మాస్టరు పెళ్ళాన్ని నేను. ఇంత సుళువుగా తెగే కత్తెర ఎక్కడా చూడలేదు.

ఆ దగ్గు లాయరు బయట మెట్ల దగ్గర ఎదురుపడి, "ఏమనుకోకండమ్మా, వృత్తి" అన్నాడు. గొంతుకి వేడినీళ్ళు తాగమని చెప్పొచ్చాను.

అక్క

*

జైలు, రెండో బ్యారక్
(పరిశీలించబడినది)
జనవరి 6

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నీకు రావలసిందంతా పోతుందని తెలిసీ నాకోసం చెప్పావు. జడ్జిగారు సహజమైన ప్రేమ అని రాసిన చోట నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అన్నీ తప్పుగా రాసినా ఆ ఒక్కటీ సరిగ్గా రాశారు. నువ్వు నా మీద పగబట్టావేమోనని ఇన్నాళ్ళూ భయపడ్డాను.

అప్పీలు వేస్తున్నాం. నువ్వు కోర్టులో చెప్పలేకపోయిన మాటలు ప్రమాణపత్రంగా రాసి సంతకం పెడితే, పై కోర్టు తీసుకున్నా తీసుకోవచ్చట. లాయరుగారి గుమాస్తా కాగితాలు నీ దగ్గరికి తెస్తాడు. పెడతావు కదా?

నీ తమ్ముడు

*

కుట్టుమిషను గది,
జనవరి 19

చిన్నోడా,

ఇది జైలు ముద్రకి దొరకదు. గుమాస్తా అప్పీలు ఫైల్లో అంటించిన కవరు పెట్టి నీ చేతికే ఇస్తానన్నాడు.

ప్రమాణపత్రం మీద సంతకం పెట్టేశాను. అందులో ఉన్నది నిజమే. నిజానికి సంతకం పెట్టడానికి నాకేం నొప్పి. కానీ ప్రేమ, ప్రేమ అంటున్నావు. ఆ మాట చదివాక నాకు రెండు రోజులు సూది సరిగ్గా నడవలేదు.

విను. ఆ రోజు బోనులో జడ్జిగారు చెయ్యెత్తితే ఆగిపోయాను. ఎవరో చెయ్యెత్తితే ఆగే మనిషినా నేను? బస్సులో కండక్టరే నాకు భయపడతాడు. అరిచి చెప్పొచ్చు. నీ లాయరు ప్రశ్నలు లేవన్నాక కూడా, అయ్యా ఇంకా ఉంది అనొచ్చు. నిలబడ్డానే గానీ అనలేదు. అననివ్వలేదు నా కోపం. వీడు కొన్నాళ్ళు మగ్గాలి అనిపించింది. జడ్జిగారు ప్రేమ అని రాసిన చోట ఉన్నది అదీ.

ఎందుకో చెబుతాను. ఇది ఏ కోర్టులోనూ నన్నెవరూ అడగలేదు.

మంగళవారం పొద్దున మీ బావ టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరాడు. మోకాలికి గుడ్డ కట్టాను. మెట్లెక్కి వెళ్ళు, వాడు చెప్పాడుగా అన్నాను. నవ్వాడు. "మీవాడికి ప్రతిదీ భయమే. మేడ పైన లిఫ్టు మిషను గదిలో మెయిన్ స్విచ్చికి వేసే తాళం వాడి దగ్గరే ఉంటుంది. అది వేస్తే లిఫ్టు అంగుళం కదలదు. నిజంగా అంత ప్రమాదమైతే తాళం వేసేసి వచ్చేవాడే కదా? వెయ్యలేదంటే అంత లేదన్నమాట" అన్నాడు. అలా అని వెళ్ళాడు. నువ్వు మెట్లెక్కమన్న మాట కంటే నువ్వు తాళం వెయ్యకపోవడాన్ని ఎక్కువ నమ్మాడు.

ఇద్దరు జడ్జీలు, నలుగురు లాయర్లు, పదిహేను నెలలు. ఎవరి సగానికి కావలసిన ప్రశ్నలు వాళ్ళడిగారు. నాకు కావలసిన ప్రశ్న ఎవరి సగంలోనూ లేదు. అందుకని నేనడుగుతున్నాను. నీకు లాయరు లేడు, చెయ్యెత్తడానికి ఎవరూ లేరు.

ఆ ఆదివారం మా ఇంట్లో అన్నం తింటున్నప్పుడు, ఆ తాళం నీ దగ్గర ఉందా?

అక్క

*

జైలు, రెండో బ్యారక్,
ఫిబ్రవరి 2

అక్కా,

ఇక్కడ క్షవరం చేసే పెద్దాయన రేపు విడుదలవుతున్నాడు. ఈ కాగితం తన చెప్పు లోపల పెట్టుకుని తెస్తాడు. నలిగి ఉంటే ఏమనుకోకు.

ఉంది. తాళమూ, చెవీ రెండూ నా పనిసంచిలో ఉన్నాయి. సంచి మీ గుమ్మం పక్కనే పెట్టాను.

శనివారం సూపర్‌వైజరుకి కాగితమిచ్చింది నిజం. మేనేజరు సంతకం లేకుండా ఎక్కడైనా తాళం పడితే సోమవారం నుంచి రానక్కర్లేదు అన్నాడు. అంతకుముందు నెలే ఒకణ్ణి అలాగే తీసేశారు. మిషను గది దాకా వెళ్ళాను. తాళం చేతిలోనే ఉంది. వెనక్కొచ్చేశాను. బావకి చెబితే చాలులే, తనొక్కడు బతికితే చాలులే అనుకున్నాను. మిగతావాళ్ళు ఏమైనా ఫరవాలేదనుకున్నాననే కదా దానర్థం. చివరికి ఆ ఒక్కడే పోయాడు.

నిన్ను అడగొద్దని లాయరుగారికి చెప్పింది జాలితో అని రాశాను. నీ వేళ్ళు వణకడం చూసింది నిజమే. కానీ బావకి తాళం సంగతి తెలుసు. నీతో అని ఉంటాడేమోనని భయం. నీకు ఒక్క ప్రశ్న వేస్తే నువ్వు ఆగే మనిషివి కాదు. కాగితం సంగతితో పాటు తాళమూ బయటపడుతుంది. అందుకే నీ నోరు మూయించాను. మూయించి, దానికి ప్రేమ అని పేరు పెట్టాను. నువ్వు నీ కోపాన్ని కోపమనే ఒప్పుకున్నావు. నేనది కూడా చెయ్యలేదు.

సూపర్‌వైజరు నన్ను బెదిరించాడు, నేను బెదిరాను, బావ నన్ను నమ్మాడు. ఇదీ కేసు. ఇంతకంటే ఏం లేదు.

నిన్న గుమాస్తా అప్పీలు కాగితాలు తెచ్చాడు. నీ ప్రమాణపత్రం వాటికి జతచేసి ఉంది. అప్పీలులో మూడో కారణం కింద, "ముద్దాయి ఆ ప్రమాదాన్ని నివారించడానికి తన చేతిలో ఉన్నదంతా చేశాడు" అని రాశారు. లాయరుగారికి తాళం సంగతి తెలియదు. నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. ఆ వాక్యం రెండుసార్లు చదివాను. నీ మరదలు కమ్మీల అవతల మా చిన్నదాన్ని ఎత్తుకుని నిలబడి ఉంది.

సంతకం పెట్టానక్కా.

నీ తమ్ముడు